ఎడమ చెయ్యి ఎక్కడుంది?
బిల్లింగ్ కౌంటర్ మీది ట్యాబ్ స్టాండు గురించి మెకానికల్, డిజైన్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో షీట్ మెటల్ షెడ్డు నడుపుతాను. కరెంటు ప్యానెల్ బాక్సులు, కూలర్ బాడీలు, షాపుల ర్యాకులు మా ప్రధానమైన పని. కొన్నేళ్లుగా వాటితో పాటు దుకాణాల్లో బిల్లు కొట్టే ట్యాబ్‌ని నిలబెట్టే స్టాండ్లు కూడా చేస్తున్నాం. ఆ స్టాండును మొదట ఒకలా చేశాను. అమ్మాను. తర్వాత దాన్ని పూర్తిగా పక్కనపెట్టి మళ్లీ మొదటినుంచి చెయ్యాల్సి వచ్చింది. ఆ రెండోసారి ఏం జరిగిందో చెప్పమని మీ మాస్టార్లు పిలిచారు.

ఒక మిఠాయి షాపు నుంచి మొదలుపెడతాను. దీపావళికి ముందు రోజు సాయంత్రం. కౌంటరు ముందు జనం మూడు వరసలుగా ఉన్నారు. నేను వేరే పని మీద వెళ్లాను, ర్యాకు ఒకటి కుంగిందంటే చూడటానికి. ఓనరు గారు ఖాళీగా లేకపోవడంతో గల్లా వెనక స్టూలు మీద కూర్చోబెట్టారు. నా ఎదురుగా నేను చేసిన స్టాండు, దాని మీద ట్యాబ్, దాని ముందు బిల్లులు కొడుతున్న అమ్మాయి. చేసిన వస్తువుని వాడుతుంటే అంత దగ్గరగా, అంతసేపు చూడటం నాకు అదే మొదటిసారి. అమ్మేటప్పుడు చూపించడం వేరు, ఇది వేరు.

ఆ అమ్మాయి కుడిచేత్తో స్క్రీను మీద కొడుతోంది. ఎడమచెయ్యి ట్యాబ్ పైమూలని పట్టుకుని ఉంది. కాజాలు అరకిలో, టక్. జంతికలు పావుకిలో, టక్. ప్రతి నొక్కుకీ ముందు ఎడమచెయ్యి వెళ్లి ఆ మూలని పట్టుకుంటోంది. బిల్లు అయ్యాక వదిలి సంచి అందుకుంటోంది, ఒక చేత్తోనే దాని మూతి తెరవడానికి అవస్థ పడుతోంది, తర్వాతి బిల్లుకి మళ్లీ ఎడమచెయ్యి పైకి. నేను చూసినంతసేపూ ఒక్క బిల్లు కూడా ఆ చెయ్యి లేకుండా అవలేదు. ట్యాబ్ పైమూల ఫ్రేము మీద పౌడర్ కోటింగ్ అరిగిపోయి, నెయ్యి పట్టి నున్నగా మెరుస్తోంది. బొటనవేలు ఎక్కడ పడుతుందో, నాలుగు వేళ్లు ఎక్కడ పడతాయో అచ్చుపోసినట్టు తెలుస్తోంది.

"ఎందుకమ్మా అలా పట్టుకుంటున్నావు?" అని అడిగాను.

"పట్టుకోపోతే ఊగుద్దండి," అంది. అంతే. మళ్లీ పనిలో పడింది. ఆ స్టాండు చేసింది నేనని ఆమెకి తెలీదు. ఫిర్యాదు చేసినట్టు కూడా చెప్పలేదు. వాన పడితే గొడుగు వేసుకుంటాం కదా, అంత మామూలుగా చెప్పింది.

ఆ రాత్రి ఇంటికి వెళ్లాక కూడా ఆ చెయ్యే గుర్తొచ్చింది. రోజుకి పది గంటలు పనిచేసే మనిషికి ఉన్నవి రెండు చేతులు. అందులో ఒకదాన్ని నా స్టాండు తీసేసుకుంది. ట్యాబ్‌ని స్టాండు పట్టుకోవాలి. ఇక్కడ స్టాండునే మనిషి పట్టుకుంటోంది.

మొదటిది ఎలా చేశానో చెప్పాలి. చూడ్డానికి బాగుండేది. సన్నటి గుండ్రటి గొట్టం, కింద పళ్లెం లాంటి గుండ్రటి బేసు, పైన ట్యాబ్ చుట్టూ నల్లటి ఫ్రేము. ఇంటర్నెట్‌లో విదేశీ కాఫీ షాపుల ఫొటోలు చూసి చేశాను. 2010లో ఐప్యాడ్ వచ్చాక అమెరికాలో చిన్న చిన్న కేఫులు పెద్ద బిల్లింగ్ మిషన్లు తీసేసి దాన్ని పెట్టుకోవడం మొదలైంది. 2013లో స్క్వేర్ అనే కంపెనీ ఐప్యాడ్‌కి కార్డు గీసే సదుపాయంతో సహా ఒక స్టాండు తెచ్చింది. అక్కడి కౌంటరు మీద సాధారణంగా ఆ స్టాండు, పక్కన ఒక కప్పు, అంతే. నొక్కేది కూడా తక్కువ. మూడు నాలుగు రకాల కాఫీ, సైజు, కార్డు, సంతకం.

మన కౌంటరు సంగతి మీకు తెలుసు. కాటా ఉంటుంది. థర్మల్ ప్రింటరు ఉంటుంది. యూపీఐ సౌండ్ బాక్సు, క్యూఆర్ బోర్డు, చిల్లర డబ్బా, స్టాప్లరు, సంచుల కట్ట, పిల్లల కోసం చాక్లెట్ల సీసా, గోడవైపు లక్ష్మీదేవి పటం, దాని ముందు అగరొత్తుల స్టాండు. వీటన్నిటి మధ్యా మిగిలే చోటు రెండు జానల వెడల్పు ఉంటే గొప్ప. నొక్కడం కూడా అలాగే. ఇరవై రకాల సరుకు, ప్రతిదానికీ తూకం, ఫోన్ నంబరు, సగం నగదు సగం యూపీఐ. నేను ఎక్కడి ఫొటోనో చూసి ఇక్కడి కౌంటరు మీద పెట్టాను. కౌంటరుని చూడలేదు.

ఇప్పుడు కొంచెం లెక్క. ఇంజనీరింగ్ పిల్లలు కాబట్టి బోరు కొట్టదనుకుంటున్నాను.

షెడ్డులో ఎలక్ట్రానిక్ కాటా మీద వేలు పెట్టి నొక్కి చూశాం, నేనూ మా వెల్డింగ్ మేస్త్రీ. మెల్లగా తాకితే వంద, నూటయాభై గ్రాములు చూపిస్తుంది. తొందరలో, కోపంలో, లేదా స్క్రీను సరిగా పట్టలేదని రెండోసారి నొక్కినప్పుడు అరకిలో సులువుగా దాటుతుంది. మీ ఇంట్లో వంటింటి కాటా ఉంటే ఈ సాయంత్రమే చూడండి. మా పాత స్టాండులో ట్యాబ్ పై అంచు కౌంటరు నుంచి 36 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేది. స్క్రీను దాదాపు నిట్టనిలువు. అరకిలో బలంతో పై అంచు దగ్గర నొక్కితే 36ని అరతో గుణించండి, 18 కిలో సెంటీమీటర్లు. అది వెనక్కి పడేసే బలం. ఆపే బలం ఎంత? స్టాండూ ట్యాబూ కలిపి 1.8 కిలోలు. బేసు అడ్డకొలత 18 సెంటీమీటర్లు, అంటే నడిమి నుంచి అంచుకి 9. తొమ్మిదిని 1.8తో గుణిస్తే 16 చిల్లర. పడేసేది 18, ఆపేది 16. ఇంకేముంది, ముందు అంచు లేస్తుంది. పూర్తిగా పడిపోదు, ఎందుకంటే వేలు వెంటనే తీసేస్తాం. లేచి టక్కున దిగుతుంది. ఆ టక్కుని ఆపడానికే ఆ ఎడమచెయ్యి.

బరువు పెంచితే సరిపోతుంది కదా అని మేస్త్రీ అన్నాడు. బేసు కింద ఇంకో ప్లేటు అతికించి చూశాం. లేవడం ఆగింది, ఊగడం ఆగలేదు. అప్పుడు అర్థమైంది, రెండు జబ్బులు ఉన్నాయని. ఒకటి వెనక్కి పడే జబ్బు, రెండోది వంగే జబ్బు. ఒకదానికి మందు వేస్తే రెండోది తగ్గదు.

వంగడం గురించి మీరు పుస్తకంలో చదివే ఉంటారు. ఒక చివర బిగించిన కడ్డీ రెండో చివర నెడితే ఎంత వంగుతుందన్నది దాని పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. పొడవు సగం చేస్తే వంపు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. నేను పరీక్ష రాయడానికి బట్టీపట్టిన ఆ సూత్రం ఇరవై ఏళ్ల తర్వాత మిఠాయి షాపు కౌంటరు దగ్గర పనికొచ్చింది. గొట్టం 24 సెంటీమీటర్లు ఉండేది. దాన్ని 12 చేశాం. ఆ ఒక్క మార్పుకే ఊగుడు ఎంత తగ్గిందో చూసి మేస్త్రీ ఆశ్చర్యపోయాడు. తర్వాత గొట్టాన్నే తీసేశాం. ట్యాబ్ మూలన నొక్కినప్పుడు గొట్టం మెలి తిరుగుతుంది. గుండ్రటి గొట్టం సన్నగా ఉంటే ఆ మెలికని ఆపలేదు. దాని బదులు 2 మిల్లీమీటర్ల సీఆర్ (కోల్డ్ రోల్డ్ ఉక్కు) షీటుని ట్యాబ్ వెడల్పులో సగం ఉండేలా కత్తిరించి, రెండువైపులా అంచులు మడిచి, వీపులా నిలబెట్టాం. అంచు మడతకి ఉన్న బలం అట్టపెట్టె చూసినా తెలుస్తుంది.

బేసుకి 6 మిల్లీమీటర్ల ఎంఎస్ (మైల్డ్ స్టీలు) ప్లేటు వేశాం. ముందుకీ వెనక్కీ 20 సెంటీమీటర్లు, వెడల్పు 18. ఆ ముక్క ఒక్కటే 1.7 కిలోలు తూగుతుంది. వీపు, క్లిప్పులు, ట్యాబ్ కలిపి 2.9 దాకా వస్తుంది. పై అంచు ఎత్తు 20కి దించాం. ఇప్పుడు పడేసేది అర ఇంటూ 20, పది. ఆపేది 2.9 ఇంటూ 10, ఇరవై తొమ్మిది. పైగా స్క్రీను వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి వేలి బలంలో కొంత కిందకి, కౌంటరు మీదకి పోతుంది. అది స్టాండుని ఇంకా అదిమి పెడుతుంది.

ఇంత చేశాక కూడా ఒక చిన్న కదలిక మిగిలింది. ఎక్కడినుంచి వస్తోందో రెండు రోజులు దొరకలేదు. చివరికి దొరికింది, కీలు దగ్గర. ట్యాబ్‌ని ఏ వాలుకి కావాలంటే ఆ వాలుకి వంచుకునేలా కీలు పెట్టాను. అది నాకు చాలా ఇష్టమైన భాగం. నైలాన్ వాషర్లు వేసి, మెత్తగా కదిలేలా చేశాను. ఆ నైలాను నెలల తరబడి ఒత్తిడిలో ఉండి పల్చబడుతుంది. బిగింపు తగ్గుతుంది. షాపువాళ్లు స్పానరుతో బిగిస్తారు, అది ఇంకా పల్చబడుతుంది. కప్పులా వంగిన స్ప్రింగు వాషర్లు వేస్తే ఆ తేడాని అవే సర్దుకుంటాయి, అదొక దారి. నేను వేరే దారి పట్టాను. ఏడెనిమిది షాపులకి వెళ్లి అడిగాను, ఈ వాలు ఎప్పుడు మారుస్తారని. పెట్టిన మొదటి వారం మార్చాం, తర్వాత ముట్టుకోలేదు అని అందరూ ఒకే మాట చెప్పారు. ఎవరూ వాడని సౌకర్యం కోసం ఊగే కీలు పెట్టానన్నమాట. కీలు తీసేసి మూడు గాట్లు పెట్టాను. కౌంటరు నుంచి 35 డిగ్రీలు, 50, 65. ఏ గాటులో పెట్టి బోల్టు బిగిస్తే అక్కడే ఇనుములా ఉంటుంది.

ఆ మూడు గాట్లెందుకో చెప్పాలి. నిలబడి బిల్లు కొట్టేవాళ్లకి స్క్రీను బాగా వాలి ఉండాలి. కూర్చునేవాళ్లకి కొంచెం నిలువుగా ఉండాలి. బాగా వాలిస్తే ఇంకో ఇబ్బంది, పైన ట్యూబ్‌లైటు అందులో కనబడుతుంది. స్క్రీను మీద తెల్లటి చార, దాని కింద అంకెలు మాయం. ప్రతి షాపుకీ లైట్లు ఒక్కోచోట ఉంటాయి. అందుకే బిగించేటప్పుడు మా కుర్రాడు ముందు బిల్లు కొట్టే అమ్మాయిని తన చోట నిలబెట్టి లేదా కూర్చోబెట్టి, లైటు ఎక్కడ కనబడుతోందో అడిగి అప్పుడు గాటు ఎంచుతాడు. అడగకుండా బిగించి వస్తే నేను ఒప్పుకోను.

కూర్చోవడం అన్నాను కదా. దీని గురించి ఒక్క నిమిషం ఆగుతాను, నాకు ఇది ముఖ్యం. కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు మాకు కూర్చునే హక్కు కావాలని పోరాడారు. 2018లో అక్కడ చట్టం మార్చి దుకాణాల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వసతి ఇవ్వాలన్నారు. 2021లో తమిళనాడు కూడా అలాంటి సవరణే చేసింది. మన దగ్గర చాలా కౌంటర్లలో స్టూలు ఉంటుంది, కానీ దాని మీద కూర్చుంటే స్క్రీను అందదు. నా పాత స్టాండు 36 సెంటీమీటర్ల ఎత్తు. కూర్చున్న మనిషికి చెయ్యి భుజం పైకి లేపాలి. స్టూలు ఉండి కూడా నిలబడాల్సి రావడానికి నా స్టాండు కూడా ఒక కారణమే. ఎత్తు దించాక ఒక మందుల షాపులో అమ్మాయి మొదటిరోజే స్టూలు దగ్గరికి లాక్కుంది. ఎవరూ చెప్పలేదు.

ఇక కొనేవాళ్ల సంగతి. బిల్లింగ్ మిషన్ల పుట్టుక గురించి చదివితే నాకు ఒక విషయం దొరికింది. 1879లో అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్ అనే ఊళ్లో జేమ్స్ రిట్టి అనే ఆయన క్యాష్ రిజిస్టరు చేశాడు. ఆయనకి సారా దుకాణం ఉండేది. పనివాళ్లు డబ్బు జేబులో వేసుకుంటున్నారని ఆయన బాధ. ఓడలో వెళ్తూ, ఓడ ప్రొపెల్లరు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే యంత్రం చూసి ఆ ఆలోచన వచ్చిందంటారు. ఆ మొదటి మిషనులో డబ్బు పెట్టుకునే సొరుగు లేదు. గడియారం లాంటి ముఖం ఉంది. నొక్కిన మొత్తం ఆ ముఖం మీద ముల్లు చూపిస్తుంది, అందరికీ కనబడేలా. అంటే బిల్లింగ్ మిషను పుట్టిందే అంకెని పదిమందికి చూపించడానికి.

మన పాత కిరాణా కొట్లో అది నోటితో జరిగేది. మా ఊళ్లో కోమటి గారు కాగితం మీద రాస్తూ పైకి చదివేవారు. "కందిపప్పు కిలో, బెల్లం అరకిలో, చింతపండు పావు, మొత్తం ఇంత." మా అమ్మ పక్కన నిలబడి వింటూ వేళ్ల మీద లెక్క వేసుకునేది. ఎక్కడైనా తేడా వస్తే అక్కడే అడిగేది. ట్యాబ్ వచ్చాక ఆ చదవడం ఆగిపోయింది. అంకెలన్నీ లోపలివైపుకి తిరిగి ఉన్నాయి. కొనే మనిషికి కనబడేది నా ఫ్రేము వెనకభాగం, నల్లటి రేకు. చివర్లో మొత్తం చెబుతారు, ఫోన్ తీసి కొడతాం, కాగితం ముడిచి సంచిలో వేసుకుంటాం. తేడా ఉంటే ఇంటికి వెళ్లాక తెలుస్తుంది. పెద్దవాళ్లయితే అప్పుడు మళ్లీ రాలేరు.

అందుకని స్టాండు తిరగాలి. పాతది కూడా తిరిగేది. పూర్తి చుట్టు తిరిగేది. అదొక తప్పు. ఒకేవైపు తిప్పుతూ పోతే లోపల ఛార్జింగ్ వైరు పురి ఎక్కుతుంది. ఒక బట్టల షాపులో మూడు నెలల్లో రెండు కేబుళ్లు తెగాయి. మొదటి కేబులు తెగినప్పుడు నాసిరకం కేబులని ఆ షాపువాళ్ల మీదే నెట్టేశాను. రెండోది తెగినప్పుడు బేసు విప్పి చూస్తే వైరు జడలా మెలిపడి ఉంది. ఇప్పుడు కింద చిన్న పిన్ను ఉంది. అటు సగం చుట్టు, ఇటు వెనక్కి. అంతకు మించి తిరగదు. వైరు లోపల ఒక వదులు చుట్టు వేసి, బయటికి వచ్చేచోట రబ్బరు బుష్ పెట్టి, బేసుకే క్లిప్పుతో కట్టేశాం. ఎవరైనా వైరు లాగినా ఆ లాగుడు క్లిప్పు మీద పడుతుంది, ట్యాబ్ సాకెట్ మీద పడదు. టైప్ సీ సాకెట్ పదివేల సార్లు పెట్టి తీయడానికి తట్టుకునేలా చేస్తారు. పక్కకి ఒక్కసారి గట్టిగా వంచితే మాత్రం పోతుంది.

ఇలా తిప్పడంలో క్యూఆర్ కోడ్ దగ్గర చిక్కు వచ్చింది. 2016లో యూపీఐ వచ్చాక క్యూఆర్ లేని కౌంటరు లేదు కదా. షాపులవాళ్లు ఖాళీగా ఉందని నా స్టాండు వీపు మీద క్యూఆర్ స్టిక్కరు అంటించారు. బాగానే ఉంది. కానీ బిల్లు చూపిద్దామని ట్యాబ్ తిప్పితే క్యూఆర్ అమ్మాయి వైపుకి పోతుంది. బిల్లు చూడాలా, డబ్బు కట్టాలా, రెండిట్లో ఒకటి. దాంతో కొన్ని షాపుల్లో తిప్పడమే మానేశారు. ఇప్పుడు క్యూఆర్ పెట్టుకోవడానికి బేసుకి కొనేవాళ్ల వైపు అంచున ఒక చిన్న ఏటవాలు పలక ఇచ్చాం. బేసు తిరగదు కాబట్టి అది ఎప్పుడూ కొనేవాళ్ల వైపే ఉంటుంది. రెండు బెండ్లు, ఒక ట్యాక్ వెల్డింగ్, అంతే పని. అది ముందే తట్టి ఉంటే ఎంతమంది పెద్దవాళ్లు తమ బిల్లు చూసుకునేవారో అనిపిస్తుంది.

వేడి గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ఇది ప్రమాదం సంగతి.

ఒక మే నెలలో మందుల షాపు నుంచి ఫోన్ వచ్చింది. ట్యాబ్ స్క్రీను ఫ్రేములోంచి పైకి లేచిందని. వెళ్లి చూస్తే బ్యాటరీ ఉబ్బింది. విజయవాడ మే నెల ఎండ, పడమటి వైపు అద్దాల ముందు కౌంటరు, నల్లరంగు ఫ్రేము, వెనక పూర్తిగా మూసిన రేకు డబ్బా, పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి పది దాకా ఛార్జింగులోనే. లిథియం అయాన్ బ్యాటరీని ఎప్పుడూ నిండా ఛార్జిలో ఉంచి, పైగా వేడిలో ఉంచితే లోపల రసాయనాలు చెడి గ్యాసు పుడుతుంది. మా ఫ్రేము నాలుగువైపులా గట్టిగా పట్టుకుని ఉండటంతో వెనక్కి చోటులేక స్క్రీను ముందుకు వచ్చింది. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, మంటలు రావచ్చు. ఆ ఓనరు గారు దాన్ని వెంటనే తీసేద్దామనుకున్నారు, తీయలేకపోయారు. దొంగలు తీసుకుపోకుండా నేను పెట్టిన ప్రత్యేకమైన స్క్రూలు, వాటి కీ మా షెడ్డులో. వైరు పీకేసి, నేను వచ్చేదాకా షాపులో ఎవరినీ ఆ పక్కకి పోనివ్వకుండా నిలబడ్డారు. నాకు అక్కడికి చేరడానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంట టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇప్పుడు ట్యాబ్‌కీ వీపు రేకుకీ మధ్య 8 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. రేకులో నిలువు చీలికలు ఉన్నాయి, కింద గాలి దూరి పైనుంచి పోతుంది. ట్యాబ్‌ని చుట్టూ పట్టుకోవడం మానేసి నాలుగు మూలల్లో క్లిప్పులతో పట్టుకుంటున్నాం. ఆ క్లిప్పులు ఒకే అలెన్ కీతో ఊడతాయి, ఆ కీ ఓనరు గల్లాపెట్టెలో ఉంటుంది. దొంగతనం భయం ఉన్నవాళ్లకి చిన్న తాళం వేరే ఇస్తాం, దాని తాళంచెవి కూడా వాళ్ల దగ్గరే. ట్యాబ్ సెట్టింగుల్లో ఛార్జింగ్ 80, 85 శాతం దగ్గర ఆగే ఆప్షన్ ఉంటే మా కుర్రాడే పెట్టి వస్తాడు. లేకపోతే టైమర్ ప్లగ్గు పెట్టుకోమంటాం.

మూలల క్లిప్పుల వల్ల ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. ట్యాబ్‌లు ఊరికే సైజు మారుస్తాయి. మామూలు ఐప్యాడే చూడండి. 2018 దాకా 9.7 అంగుళాలు. 2019లో 10.2. 2022లో 10.9, ఛార్జింగ్ సాకెట్ కూడా టైప్ సీ అయింది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పాత ఫ్రేము ఒక ట్యాబ్‌కే సరిపోయేది. ట్యాబ్ మారితే స్టాండు పాతసామాను వాడికి. మంచి ఇనుము, మంచి కోటింగ్, రెండేళ్లలో తుక్కు. ఇప్పుడు వీపు ఒకటే, క్లిప్పులు జరుగుతాయి. వీపు మీద 75, 100 మిల్లీమీటర్ల చదరంలో ఎం4 రంధ్రాలు కూడా కొట్టాం. అవి వెసా (VESA) అనే ప్రమాణం కొలతలు, టీవీలు, మానిటర్లు గోడకి తగిలించడానికి వాడేవే. రేపు ట్యాబ్ తీసేసి చిన్న మానిటర్ పెట్టుకోవాలన్నా ఇదే స్టాండు పనికొస్తుంది.

చిన్న విషయాలు రెండు. మిఠాయి షాపుల్లో గొట్టం ఉన్న పాత స్టాండ్లలో చీమలు పుట్ట పెట్టాయి. పైన మూత వేశాను, కింద వెయ్యలేదు. లోపల వెచ్చగా ఉంటుంది, చుట్టూ పంచదార. ఇప్పుడు గొట్టమే లేదు. కోటింగ్ కూడా మార్చాను. గరుకుగా ఉండే కోటింగు గీతలు కనబడనివ్వదని వేసేవాళ్లం. దాంట్లో నెయ్యి, శెనగపిండి ఇరుక్కుని ఎంత తుడిచినా పోవు. ఇప్పుడు నున్నటిదే వేస్తున్నాం. గీతలు పడతాయి, పడనీ. తడిగుడ్డ పెట్టి ఒక్కసారి తుడిస్తే శుభ్రం అవుతుంది.

గాజు కౌంటర్ల దగ్గర ఇంకా ఇబ్బంది ఉంది. కింద మిఠాయిలు కనబడాలని పైన టఫెన్డ్ గ్లాసు వేస్తారు. టఫెన్ చేశాక దానికి రంధ్రం కొట్టలేం, మొత్తం పొడి అయిపోతుంది. రబ్బరు కాళ్ల మీద నిలబడాల్సిందే. నెయ్యి పడిన గాజు మీద రబ్బరు కూడా జారుతుంది. స్టాండు పడదు, ఊగదు, కానీ రోజంతా నొక్కేసరికి రెండు మూడు అంగుళాలు వెనక్కి జరుగుతుంది. రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపు వేస్తే ఆగుతుంది కానీ, తుడవాలంటే లేపలేరు. దీనికి నా దగ్గర ఇంకా మంచి జవాబు లేదు. మీలో ఎవరికైనా తట్టితే షెడ్డుకి రండి, కలిసి చేసి చూద్దాం.

ఆ మిఠాయి షాపుకి కొత్త స్టాండు నేనే తీసుకెళ్లి పెట్టాను. అదే అమ్మాయి ఉంది. పాతది తీసి కొత్తది బిగించి, వెనక అదే స్టూలు మీద కూర్చున్నాను. ఎడమచెయ్యి అలవాటుగా పైకి వెళ్లింది. అక్కడ ఫ్రేము లేదు, క్లిప్పు ఉంది. చెయ్యి గాల్లో ఆగి, మళ్లీ వెళ్లి ట్యాబ్ అంచుని పట్టుకుంది. ఊగకపోయినా పట్టుకుంటోంది. నాకు దిగులు వేసింది. వారం తర్వాత వెళ్లాను, ఇంకా సగం సగంగా లేస్తోంది. మళ్లీ పది రోజులకి వెళ్తే రద్దీగా ఉంది, నేను బయటినుంచే చూశాను. కుడిచెయ్యి నొక్కుతోంది. ఎడమచెయ్యి సంచి మూతి తెరిచి పట్టుకుని ఉంది. ఎదురుగా ఒక పెద్దావిడ ముందుకి వంగి, కళ్లజోడు సర్దుకుని, తనవైపు తిప్పి ఉన్న స్క్రీను మీద ఏదో వేలు పెట్టి చూపించి అడుగుతోంది. అమ్మాయి కూడా వంగి చూసి తల ఊపి, ఆ లైను తీసేసింది.

వెనక టేబుల్ మీద మూడు స్టాండ్లు పెట్టాను. ఒకటి పాతది, ఒకటి గొట్టం పొట్టి చేసినది, ఒకటి ఇప్పుడు చేస్తున్నది. మూడిటి మీదా ట్యాబ్‌లు ఉన్నాయి, బిల్లింగ్ యాప్ తెరిచే ఉంది. వెళ్లేటప్పుడు ఒక్కోదాని మీద పది సరుకుల బిల్లు గబగబా కొట్టండి. కొడుతున్నప్పుడు మీ పక్కవాళ్లని మీ ఎడమచెయ్యి చూడమనండి.